ఏ కాలంలో వచ్చారో అడగండి

(చెరువులు, అడవులు, వాటిలో బతికే ప్రాణుల గురించి పాఠకుల ప్రశ్నలు. జవాబులు రాస్తున్నది డిగ్రీ కాలేజీలో ముప్పై రెండేళ్లు జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్. ఒక అభయారణ్యం సలహా సంఘంలో ఒక విడత సభ్యురాలిగా పనిచేశారు.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను అటవీశాఖలో చేరి రెండేళ్లయింది. కొల్లేరు చుట్టుపక్కలే నా డ్యూటీ. సలహా సంఘాన్ని మళ్లీ వేయాలంటున్నారు, శాస్త్రవేత్తల పేర్లు ఓ పది రాసి పెట్టమని పై అధికారి నాకు చెప్పారు. నాకు తెలిసింది ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లే. పాత ఫైలులో పేర్లే ఎక్కించి పంపితే సరిపోతుందని ఆఫీసులో అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, టెన్షన్‌గా ఉంది. ఎవరిని వెతకాలి, ఎలా వెతకాలి?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, కైకలూరు

జవాబు: బాబూ, పాత ఫైలు దులిపి సంతకానికి పెట్టడానికి మనసొప్పలేదన్నావు. ఆ ఒక్క మాటకే నీ ఉత్తరాన్ని ఈ నెల అన్నిటికంటే ముందు తీసుకున్నాను.

చట్టంతో మొదలుపెడతాను. ఆఫీసులో నీ మాట నిలబడాలంటే అదే ఆధారం. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2002లో సవరించినప్పుడు 33-బి సెక్షన్ చేరింది. అభయారణ్యానికి సలహా సంఘం వేయాలని చెప్పేది ఆ సెక్షనే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన తరఫున కన్సర్వేటర్ హోదాకు తగ్గని అధికారి గానీ దానికి పెద్ద. స్థానిక ఎమ్మెల్యే ఉంటారు. పంచాయతీరాజ్ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు, వన్యప్రాణి సంరక్షణలో చురుగ్గా ఉన్న వ్యక్తులు ముగ్గురు, హోం శాఖ, పశువైద్య శాఖల నుంచి ఒక్కొక్కరు, గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉంటే ఆయన. అభయారణ్యం అధికారి మెంబర్ సెక్రటరీ. ఈ వరసంతా చదివితే ‘శాస్త్రవేత్త’ అన్న మాట ఎక్కడా కనిపించదు. ‘చురుగ్గా ఉన్న వ్యక్తులు ముగ్గురు’ అన్న చోటా, స్వచ్ఛంద సంస్థల రెండు చోట్లా తప్ప శాస్త్రం తెలిసినవాళ్లు లోపలికి రావడానికి వేరే దారి లేదు. అంటే మొత్తం ఐదు కుర్చీలు. వాటిలో ఒక్కటి మొహమాటానికి ఇచ్చేసినా ఆ విడతంతా ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టే.

ఇప్పుడు ఆ ఐదింటికి ఏ చదువులవాళ్లు కావాలి? దీనికి నేను 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు చూడమంటాను. అవి అభయారణ్యం హద్దు లోపల వర్తించవు, అక్కడ నడిచేది వన్యప్రాణి చట్టమే. అయినా రాష్ట్ర చిత్తడి నేలల అథారిటీలో ఎవరుండాలో రాసినచోట ఐదు రంగాలు పేరుపెట్టి చెప్పారు: చిత్తడి నేలల జీవావరణం, నీటి లెక్కలు అంటే హైడ్రాలజీ, మత్స్యశాస్త్రం, భూభాగ ప్రణాళిక, సామాజిక ఆర్థిక విషయాలు. రంగానికొక నిపుణుడు. పక్షుల అభయారణ్యం అనగానే మనం ఐదుగురు పక్షుల వాళ్లను రాసేస్తాం. నాకూ పక్షులంటే ప్రాణమే. కానీ కొల్లేరులో పక్షి బతకాలన్నా చావాలన్నా ముందు తేలాల్సింది నీళ్ల సంగతి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసే నీళ్లన్నీ సముద్రానికి చేరడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అది పూడితే వానాకాలంలో ఊళ్లు మునుగుతాయి. ఎండాకాలంలో చెరువులో నీళ్లు తగ్గితే అదే ఏట్లోంచి ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన రోజుల్లో మేమంతా కొల్లేరు మట్టం ఎంతుందో కనుక్కుంటూ కూర్చున్నాం. ఆ లెక్క కట్టగలిగిన మనిషి సంఘంలో ఒక్కరైనా లేకపోతే మిగతావాళ్ల సలహాలన్నీ ఊహలే.

చిలికా సరస్సు మనకు దూరం కాదు, ఒడిశా ఒడ్డునే ఉంది. ప్రపంచస్థాయి ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల్ని రాంసర్ స్థలాలంటారు. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న రాంసర్ స్థలాల పట్టికలో చేర్చారు. ఇసుక మేటలతో ముఖద్వారం మూసుకుపోతూ, ఉప్పదనం తగ్గి, చేప పడిపోయింది. అక్కడ ముందు నీటి కదలికల మీద శాస్త్రీయంగా లెక్కలు కట్టించి, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. 2002లో చిలికా ఆ పట్టికలోంచి బయటికొచ్చింది. కొల్లేరుకూ అదే మందు పనిచేస్తుందని నేననడం లేదు, రెండిటి తీరూ వేరు. నీళ్ల మనిషిని ముందు పిలిచారన్నదే నేను చెప్పేది.

పేర్లు రాయబోయే ముందు ఇంకో పని చెయ్యి. ఈ సంఘం తేల్చాల్సిన ప్రశ్నలు ఏమిటో ఒక కాగితం మీద తెలుగులో రాయి. ‘అభివృద్ధికి సలహాలు ఇవ్వగలరు’ అని పిలిస్తే ఎంత గొప్ప శాస్త్రవేత్త అయినా మొక్కలు నాటండి, బోర్డులు పెట్టండి అనే చెప్పి వెళ్తాడు. ప్రశ్న సూటిగా ఉంటే జవాబూ సూటిగా వస్తుంది. మన కొల్లేరు సంగతే చూడు. 1999లో ఇచ్చిన 120 జీవోతో ఐదో కాంటూరు వరకూ, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ ఒక కమిటీ వేసింది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి అప్పటి డైరెక్టర్ పి.ఎ. అజీజ్ దానికి అధ్యక్షుడు. ఐదు నుంచి మూడుకు తగ్గించవచ్చా, కూడదా? అడిగింది అది. తగ్గించకూడదని వాళ్లు చెప్పారు. ఆ జవాబు నచ్చినవాళ్లున్నారు, నచ్చనివాళ్లున్నారు. నాకు అది సరైనదనే అనిపిస్తుంది, అయినా ఐదో కాంటూరు లోపల జిరాయితీ పట్టా ఉన్న రైతుకు పరిహారం అందకపోవడం అన్యాయమని ఎన్ని సభల్లోనైనా చెబుతాను. విషయమేమిటంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట ఎత్తకుండా కొల్లేరు గురించి ఎవరూ వాదించలేరు. అడిగింది తేటగా ఉంది కాబట్టే చెప్పింది నిలిచింది.

ఇక మనుషుల సంగతి. పీహెచ్‌డీలు, పేపర్లు చూడు, వద్దనను. కానీ నేనైతే ప్రతి ఒక్కరినీ మొదట అడిగేది ఒకటే: ‘మీరు ఈ చెరువుకు ఏ కాలంలో వచ్చారు?’ డిసెంబరులో కొల్లేరు ఒడ్డున అటపాక పక్షుల కేంద్రానికి వచ్చి, ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల్ని చూసి, ఫోటోలు తీసుకుని వెళ్లినవాళ్లు వేలమంది ఉంటారు. మే నెలలో నెర్రెలిచ్చిన మట్టిలో నడిచినవాళ్లు, ఆగస్టులో గుర్రపుడెక్క అడ్డం పడి పడవ కదలక మధ్యలో ఆగిపోయినవాళ్లు ఎందరు? నాలుగు కాలాలూ చూసిన ఎమ్మెస్సీ మనిషి, ఒక్క కాలం చూసిన ప్రొఫెసర్ ఎదురుపడితే నేను మొదటివారి పేరే రాస్తాను.

ఇది నా పట్టుదల మాత్రమే కాదు. భరత్‌పూర్ పక్షుల చెరువు, కేవలాదేవ్, 1985 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ 1982లో గేదెల మేత ఆపేశారు. మేత వల్ల పక్షులకు చేటని పెద్ద పెద్ద పక్షిశాస్త్రవేత్తలే నమ్మారు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. తర్వాత ఏమైంది? గేదెలు తినే గడ్డి అడ్డూ ఆపూ లేకుండా పెరిగి నీటిని కప్పేసింది. నీటిపక్షులకు దిగే చోటు తగ్గిపోయింది. ఈ సంగతి బయటపెట్టింది కూడా శాస్త్రవేత్తలే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి అక్కడే మకాం వేసి గడ్డీ, నీరూ, పక్షీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తేలింది. ఆ లెక్క ముందే చేయించి ఉంటే ఆ ప్రాణాలు పోయేవి కావని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. నీ జాబితాలో ‘మేత ఆపేయండి’, ‘కిక్కిస గడ్డి కోసేయండి’ అని మొదటి సమావేశంలోనే తేల్చేసేవాళ్ల కన్నా ‘రెండేళ్లు చూసి చెబుతాను’ అనేవాళ్లు ఉండాలి.

ఎక్కడ వెతకాలంటావా, చాలావరకు దగ్గర్లోనే ఉన్నారు. కాకినాడలో జాతీయ జలశాస్త్ర సంస్థ డెల్టా కేంద్రం ఉంది, నీళ్ల మనిషికి ముందు అక్కడికి రాయి. చేపల సంగతికి ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం మీ పక్కనే. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం ఉంది, ఉపగ్రహ చిత్రాలకు నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో కొల్లేరు మీద థీసిస్ చేసినవాళ్ల పేర్లు లైబ్రరీలో దొరుకుతాయి. వాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఏ కాలేజీలో ఉన్నా ఫోన్ చెయ్యి. సామాజిక విషయాల మనిషిని మాత్రం మర్చిపోవద్దు, అందరూ మర్చిపోయేది ఆ పేరే. లంక గ్రామాల్లో ఎవరికి ఎంత భూమి, ఎవరికి ఎంత అప్పు, చేపల చెరువు లీజు ఎవరి పేరు మీద ఉంటే డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, ఇవి తెలియకుండా అక్కడ ఏ సలహా అమలు కాదు. వీలైతే పై అధికారిని ఒప్పించి తెలుగు పేపర్లో చిన్న ప్రకటన ఇప్పించు. తెలిసినవాళ్ల చుట్టూ తిరిగితే మళ్లీ ఆ పాత ఫైలే వస్తుంది.

ఒక కాగితం తప్పకుండా రాయించుకో: గత ఐదేళ్లలో ఆక్వా కంపెనీలకో, రియల్ ఎస్టేట్ వాళ్లకో, పర్యావరణ నివేదికలు రాసిపెట్టే సంస్థలకో డబ్బు తీసుకుని పనిచేశారా అని. చేసినంత మాత్రాన మనిషి చెడ్డవాడు కాడు. ముందే చెబితే ఆ విషయం వచ్చినప్పుడు పక్కకు కూర్చుంటాడు. చెప్పకుండా దాచితే సంఘం మొత్తం మాట చెల్లదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేనున్న సంఘానికి రేపు సమావేశమనగా సాయంత్రం ఫోన్ వచ్చేది. నలభై పేజీల ఇంగ్లిషు కాగితాలు బల్ల దగ్గర చేతికిచ్చేవాళ్లు. ఒకసారి పక్షులు గూళ్లు పెట్టే చెట్ల పక్కనుంచి నడకదారి వేసి, రాత్రిపూట లైట్లు పెడతామన్నారు. కూడదని పదిహేను నిమిషాలు చెప్పాను, గూళ్లున్న నెలలు కూడా రాసిచ్చాను. నాలుగు నెలలకు మినిట్స్ వచ్చాయి. ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని ఉంది. ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, తర్వాత నన్ను పిలవనూ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, లైట్ల గురించి కాదు, నా పేరు ఆ ‘అందరూ’లో ఉన్నందుకు.

అందుకే చెబుతున్నాను. 33-బిలోనే ఇంకో మాట ఉంది: తన పని ఎలా జరుపుకోవాలో, కోరం అంటే కనీసం ఎందరు హాజరు కావాలో సంఘమే నిర్ణయించుకోవచ్చు. మొదటి సమావేశంలోనే నాలుగు నియమాలు రాసి పెట్టు. కాగితాలు పదిహేను రోజుల ముందు పంపాలి. ఒప్పుకోనివాళ్ల మాట వాళ్ల పేరుతోనే మినిట్స్‌లో ఉండాలి. మినిట్స్ తెలుగులోనూ రావాలి. ఏడాదికి కనీసం ఒక సమావేశం ఎండాకాలంలో, చెరువు దగ్గరే జరగాలి. ఇంకా ఒకటుంది, చిన్నదనుకోకు. వచ్చినవాళ్ల బస్సు ఛార్జీ, భోజనం ఆ రోజే ఇచ్చెయ్యండి. కాంట్రాక్ట్ లెక్చరర్‌గా ఉన్న మంచి మనిషి రెండుసార్లు జేబులోంచి పెట్టుకుని వస్తాడు, మూడోసారి రాలేడు. అప్పుడు మిగిలేది కారున్నవాళ్లే.

ప్రశ్న: అమ్మా, నేను బోటనీలో ఎమ్మెస్సీ చేశాను. పీహెచ్‌డీ లేదు. మా జిల్లాలో రాతిగుట్టలు, పొదల అడవిలో నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం తిరిగి మొక్కలు, పక్షులు రాసుకుంటున్నాను. అభయారణ్యానికి నిపుణులు కావాలంటే నాలాంటివాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చా? నవ్వుతారేమో.
— పాఠకురాలు, కడప

జవాబు: తల్లీ, నవ్వరు. నవ్వినా పెట్టు. మీ జిల్లా అడవికి ఇది కొత్త కథ కాదు కూడా.

కలివి కోడి పేరు విన్నావు కదా. 1848లో టి.సి. జెర్డాన్ అనే ఇంగ్లిషు డాక్టర్ లోకానికి పరిచయం చేసిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతూ వచ్చారు. రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది మాత్రం పక్షులు పట్టే ఒక ఊరి మనిషి. శాస్త్రం ఎనభై ఆరేళ్లు లేదనుకున్న పక్షికి ఆ ఊళ్లో పేరుంది! 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాతి రోజుల్లో పరిశోధకులు దాని జాడ కోసం మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి అడుగుజాడలు చూసుకునేవాళ్లు. ఆ పనికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు, రోజూ వెళ్లి చూసే ఓపిక కావాలి.

కాబట్టి దరఖాస్తులో డిగ్రీ ఒక్క వాక్యం చాలు. నీ నోట్‌బుక్కుల గురించి ఒక పేజీ రాయి. ఎన్ని రోజులు తిరిగావు, ఏ నెలల్లో, ఏ దారుల్లో, ఎన్ని జాతులు రాశావు, ఏవి తగ్గుతున్నాయని నీకు అనిపిస్తోంది. ఏ చెట్టయితే ఖచ్చితంగా గుర్తుపట్టలేకపోయావో అదీ రాయి. నాలుగేళ్ల నోట్‌బుక్కులో ఒక్క సందేహమూ లేదంటే నేను నమ్మను, ఇంకెవరూ నమ్మకూడదు. నీ పక్షుల లెక్కలు ఈబర్డ్‌లో, అంటే పక్షులు చూసినవాళ్లు తమ లెక్కలు ఎక్కించే వెబ్‌సైట్‌లో, పెట్టకపోతే ఇవాళే మొదలుపెట్టు. ఒక్క జాగ్రత్త: కలివి కోడి లాంటి పక్షి కనిపిస్తే సరిగ్గా ఎక్కడో బహిరంగంగా పెట్టకు. వేటగాళ్లూ చదువుతారు.

ఈసారి సంఘంలో చోటు రాకపోతే కుంగిపోకు. అందులోకి వచ్చిన శాస్త్రవేత్తకు నీ నోట్‌బుక్కు జిరాక్స్ తీసి పంపు. మంచి శాస్త్రవేత్త అయితే వెతుక్కుంటూ నీ దగ్గరికే వస్తాడు.

ప్రశ్న: నమస్కారమండీ. మాది కొల్లేరు లంక గ్రామం. నేను పంచాయతీలో మెంబర్ని. ఎప్పుడు చూసినా సిటీ నుంచి నిపుణులంటూ కార్లలో వస్తారు, గంటసేపు గట్టు మీద నిలబడి ఇంగ్లిషులో మాట్లాడుకుని వెళ్లిపోతారు. మా చెరువు గురించి మాకంటే వాళ్లకు ఎక్కువ తెలుసా?
— పాఠకుడు, కొల్లేటికోట దగ్గర

జవాబు: మెంబర్ గారూ, కొన్ని వాళ్లకు ఎక్కువ తెలుసు, కొన్ని మీకు ఎక్కువ తెలుసు. రెండూ ఒకే బల్ల మీదికి రావాలన్నది నా కోరిక.

ఒకసారి మా విద్యార్థుల్ని తీసుకుని ఏప్రిల్‌లో ఉప్పుటేరు వైపు వెళ్లాం. నీళ్లలో ఉప్పు ఎంతుందో మీటరుతో కొలవాలని. దోనె నడిపే పెద్దాయన దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసి, ‘మొన్నటికంటే పైకి వచ్చింది, రెండు రోజుల్లో మా ఊరు చేరుద్ది’ అన్నారు. పిల్లలు నవ్వుకున్నారు. మేము అక్కడే ఉండి మూడు రోజులు కొలిచాం. రెండో రోజు రాత్రికి ఆ ఊరి దగ్గర మీటరు పెరిగింది. నవ్విన పిల్లల్లో ఒకడు ఇప్పుడు హైడ్రాలజీలోనే పనిచేస్తున్నాడు. ఉప్పునీరు ఏ రోజు ఎక్కడికి వస్తుందో ఆయనకు తెలుసు. అది ఏటేటా పెరుగుతోందా, ఎంత పెరుగుతోంది, ఎగువనుంచి ఎంత నీరు వదిలితే ఆగుతుంది అన్నది లెక్క కట్టాలంటే ఆ కుర్రాడి చదువు కావాలి.

సలహా సంఘంలో పంచాయతీరాజ్ నుంచి మూడు చోట్లున్నాయని పైన రాశాను. అభయారణ్యం చుట్టూ ఉన్నవాళ్ల భాగస్వామ్యం గురించి సలహా ఇవ్వడం కూడా ఆ సంఘం పనేనని సెక్షన్ చెబుతోంది. ఆ మూడు పేర్లలో చేపల వేట మీద బతికే ఇంటి మనిషి ఒక్కరైనా ఉండాలని మీ పంచాయతీలో తీర్మానం చేసి పంపండి. నిపుణులు వచ్చినప్పుడు మర్యాదగా కుర్చీ వేసి, ఇక్కడికి ఏ కాలంలో వచ్చారో అడగండి. చలికాలం తప్ప చూడలేదంటే మే నెలలో మళ్లీ రమ్మని పిలవండి, మీ ఇంట్లో భోజనం పెట్టండి. వచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఈలోగా ఒక పని మీరే చేయగలరు. వరద ఏ ఏడు ఎంత ఎత్తుకు వచ్చిందో మీ ఊళ్లో గుడి గోడ మీదో, బడి అరుగు మీదో, తాటిచెట్టు మీదో గుర్తులు ఉండే ఉంటాయి. ప్రతి గుర్తునూ ఫోటో తీయించి, నేల నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి, పక్కన సంవత్సరం రాయండి. నీటి లెక్కలవాళ్లకు అంతకన్నా విలువైన కాగితం మీ ఊరి నుంచి దొరకదు. ఏడాది ఎవరికీ గుర్తులేకపోతే, ఆ వరదప్పుడు ఊళ్లో ఎవరి పెళ్లి ఆగిపోయిందో ఆడవాళ్లను అడగండి. సంవత్సరం, నెల, తిథితో సహా చెబుతారు.